బి, టి రెండూ ఉన్న పదాలు

ప్రశ్న: మా అబ్బాయికి స్కూల్లో కొన్ని ఇంగ్లిష్ అక్షరాలిచ్చి, అవన్నీ ఉన్న పదాలు రాసుకురమ్మంటారు. మొన్న బి, టి ఇచ్చారు. ఇద్దరం తల బద్దలు కొట్టుకుంటే బ్యాట్, బెస్ట్, టేబుల్ లాంటివి వచ్చాయి. తీరా జవాబుల్లో డెట్, డౌట్, సటిల్ కూడా ఉన్నాయి. అవేమైనా మాకు తెలియని పదాలా! మరెందుకు తట్టలేదు? వెతకడానికి పద్ధతేమైనా ఉందా?

జవాబు: పదాలు తెలియక కాదమ్మా, చెవితో వెతికారు కాబట్టి తట్టలేదు. తెలుగులో ఎలా పలుకుతామో దాదాపు అలాగే రాస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లిష్ పదాల్ని కూడా శబ్దాలుగానే గుర్తుపెట్టుకుంటాం. డౌట్ అన్నప్పుడు బి వినపడదు. అందుకే బి కోసం వెతికేటప్పుడు ఆ పదం పైకి రాదు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో బోర్డు మీద పదం రాసి, దాన్ని పలకనివ్వకుండా ఒక్కో అక్షరం పేరే చదివించేవాణ్ని: డి, ఓ, యు, బి, టి. పిల్లలు మొదట్లో విసుక్కునేవారు గానీ, పదం కంటికి పట్టుబడేది అలాగే. మీరు కూడా పలకని అక్షరాలున్న పదాల్ని గుంపులుగా రాయించండి. మొదట్లో కె దాక్కున్నవి: నైఫ్, ముడి అనే అర్థంలో నాట్, మోకాలు అనే అర్థంలో నీ. మొదట్లో డబ్ల్యు దాక్కున్నవి: రాంగ్, రిస్ట్, రాయడం అనే రైట్. ఎన్ ముందు జి దాక్కున్నవి: సైన్, డిజైన్, ఫారిన్.

వెతకబోయే ముందు ప్రశ్నని నిదానంగా చదవాలి. ఇచ్చిన అక్షరాలే వాడాలా, వేరేవి కలుపుకోవచ్చా, ఇచ్చిన వరుస మారకూడదా? మూడూ వేర్వేరు ఆటలు. ఎ, ఇ, ఆర్, ఎస్, టి మాత్రమే అంటే స్టేర్, టియర్స్, రేట్స్ వస్తాయి. ఇంకొక అక్షరం కలుపుకోవచ్చంటే, ఎం చేరితే మాస్టర్, స్ట్రీమ్. కె చేరితే స్ట్రీక్, స్కేటర్. ఎఫ్ అయితే ఫాస్టర్, ఎల్ అయితే అలర్ట్స్. ఇలా ఎ నుంచి జెడ్ దాకా ఒక్కొక్కటే చేర్చి చూడటం నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. ఓపిక కావాలి, నిజమే, కానీ ఏ పదమూ తేలిగ్గా తప్పించుకోదు.

చాలామంది అచ్చులతో మొదలుపెడతారు. అలా వద్దు. ఇ ఎక్కడ చూసినా ఉంటుంది, దాన్ని పట్టుకుంటే వెతకాల్సిన పదాలు పెద్దగా తగ్గవు. అరుదైన అక్షరాన్ని పట్టుకోండి. ఏది అరుదో, అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే స్క్రాబుల్ ఆట బిళ్ళలే చెబుతాయి. ఆ ఆట కనిపెట్టిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టి మరీ బిళ్ళల సంఖ్య నిర్ణయించాడు. ఇంగ్లిష్ సెట్‌లోని 100 బిళ్ళల్లో ఇ 12 ఉంటే జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. కాబట్టి క్యూ, ఐ, టి ఇస్తే క్యూ దగ్గర మొదలుపెట్టాలి. దాని వెనక దాదాపు ఎప్పుడూ యు వస్తుంది కనక ఒక అక్షరం అడక్కుండానే దొరికినట్టు. క్విట్, క్వైట్, క్విల్ట్ వెంటనే వస్తాయి. అక్కడ ఆగకండి, క్యూని మధ్యకి జరపండి: ఈక్విటీ, మస్కిటో, యాంటిక్, టెక్నిక్. చివరి మూడింట్లో వినపడేది కె శబ్దమే. మళ్ళీ అదే సంగతి, చెవిని నమ్మకూడదు.

డబ్ల్యు, హెచ్, టి లాంటివి ఇచ్చినప్పుడు హెచ్‌ని ఒంటరిగా చూడకండి. డబ్ల్యుతో జత కడితే వైట్, వీట్. టితో కడితే వెల్త్, గ్రోత్. సితో అయితే వాచ్, స్విచ్. జితో అయితే వెయిట్.

ప్రశ్న: కంప్యూటర్ ఈ జాబితాలు క్షణంలో ఇస్తుంది. ఎలా వెతుకుతుంది? పిల్లల్ని వాడనివ్వచ్చా?

జవాబు: ఇచ్చిన అక్షరాలే వాడాలంటే, ప్రతి పదంలోని అక్షరాల్నీ ముందే అక్షరక్రమంలో పేర్చి పెట్టుకోవడం ఒక మార్గం. సైలెంట్, లిజన్, ఎన్‌లిస్ట్ మూడూ ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి అనే ఒకే వరుస అవుతాయి, ఒకే చోట దొరుకుతాయి. వేరే అక్షరాలు కలవచ్చంటే, ప్రతి పదానికీ 26 గళ్ళు గీసి, ఉన్న అక్షరాలకి టిక్కు పెట్టినట్టుగా గుర్తు పెట్టుకుని పోల్చుకోవచ్చు. కొన్ని కంప్యూటర్ డిక్షనరీల్లో, అక్కడ ఏ అక్షరాలైనా రావచ్చని చెప్పే నక్షత్రం గుర్తు మధ్యమధ్యలో పెట్టి వెతకొచ్చు గానీ, అది మీరిచ్చిన వరుసలో ఉన్న పదాల్నే చూపిస్తుంది. మూడు అక్షరాల్ని ఆరు రకాలుగా పేర్చవచ్చు, నాలుగైతే 24. అన్ని సార్లు వెతకడం కంటే, ముందు అరుదైన అక్షరం ఉన్నవి ఏరి, వాటిలోంచి రెండోది, తర్వాత మూడోది ఏరడం నయం.

తప్పకుండా వాడనివ్వండి, కానీ సొంత జాబితా రాశాకే. అప్పుడు తెలిసి కూడా తట్టని పదాల కింద మాత్రమే గీత గీయించండి. తెలియని పదాలు వందల్లో వస్తాయి, వాటిని ఆ రోజుకి వదిలేయండి.

ప్రశ్న: అయిదు అచ్చులూ ఉన్న పదం ఏది?

జవాబు: ఎడ్యుకేషన్. అంతకంటే చిన్నది కావాలంటే సెకోయా (sequoia) అనే చెట్టు పేరు, ఏడే అక్షరాలు. అచ్చులు ఎ, ఇ, ఐ, ఓ, యు వరుసలోనే రావాలంటే ఫసీషస్ (facetious), అబ్‌స్టీమియస్ (abstemious) ఉన్నాయి. ఆ రెండిటికీ చివర ఎల్, వై చేర్చినా పదాలే, వై కూడా ఆ వరుసలోనే కలుస్తుంది.