పై స్థాయి లెక్కలకు పుస్తకం ఎలా చూసుకోవాలంటే

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు ఇంట్లోనే చదువుకుంటూ తోటి పిల్లలకంటే ముందే ఆల్జీబ్రా ముగించాడని, ఇప్పుడు ఏ సిలబస్ పట్టుకోవాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశావు. నాలుగైదు పేర్లు పంపి ఏది మంచిదో చెప్పమన్నావు. పేరు చెప్పేయడం తేలికే. అయితే పుస్తకాన్ని ఎలా చూడాలో తెలిస్తే రేపు ఇంకోటి ఎదురైనా నువ్వే తేల్చుకోగలవు.

విషయసూచిక చూసి మాత్రం కొనకమ్మా. హైస్కూల్ లెక్కల పుస్తకాలన్నిటికీ అది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తేడా అంతా అభ్యాసాల్లోనే. వర్గ సమీకరణాల పాఠం తీసి చివరి లెక్కలు చూడు. అంకెలు మార్చి ఒకే రకం లెక్క పేజీల కొద్దీ ఇచ్చారా, లేక ఇలాంటిది ఒక్కటైనా ఉందా: ఒక సంఖ్యకు దాని వ్యుత్క్రమం (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేది) కలిపితే 3 వచ్చింది. ఆ సంఖ్య ఘనానికి దాని వ్యుత్క్రమం ఘనం కలిపితే ఎంత?

చురుకైన పిల్లాడు వెంటనే వర్గ సమీకరణం రాసి, ఆ సంఖ్య కనుక్కుని, వర్గమూలం 5 ఉన్న ఆ గజిబిజినంతా ఘనం చేస్తాడు. 18 వస్తుంది, తప్పేమీ లేదు. కాసేపు ఆగితే అసలు ఆ సంఖ్య ఏమిటో తెలియనక్కర్లేదని తడుతుంది. మొత్తాన్నే ఘనం చేస్తే 27. అందులోంచి ఆ మొత్తానికి 3 రెట్లు, అంటే 9 తీసేస్తే 18. మంచి పుస్తకం అక్కడితో వదలదు, అయిదో ఘాతానికి ఎంత అని అడుగుతుంది. మొదటి ఘాతం నుంచి రాసుకుంటూ పోతే 3, 7, 18, 47, 123. ఏ సంఖ్యనైనా 3 రెట్లు చేసి దాని ముందున్నది తీసేస్తే తర్వాతది వస్తోందని వాడే పట్టుకుంటాడు. ఎందుకలా వస్తోందని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించే పుస్తకం కావాలి మనకి.

నువ్వు పంపిన వాటిలో శాక్సన్ పుస్తకాల పద్ధతి వేరు. రోజూ కొత్త పాఠం కొంచెమే ఉండి, అభ్యాసంలో పాత పాఠాల లెక్కలు కలిసి వస్తుంటాయి. నేర్చింది మరిచిపోయే పిల్లలకు అది నిజంగా మేలు చేస్తుంది. ఒకసారి చెబితే పట్టేసే వాడికి విసుగు పుట్టిస్తుంది. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ల పుస్తకాలు ముందు లెక్క ఇచ్చి, పిల్లాడు కుస్తీ పట్టాక వివరిస్తాయి. పైగా సంఖ్యా సిద్ధాంతానికీ, లెక్కింపు-సంభావ్యతకీ విడిగా పుస్తకాలున్నాయి. బాబుకి ఇవే సరిపోతాయని నా నమ్మకం. మొదట్లో వాడు చిరాకు పడతాడు, కంగారు పడకు. చూడగానే జవాబు చెప్పే అలవాటున్న పిల్లలకు ఆగిపోవడం కొత్త. పదింట్లో ఆరేడు సొంతంగా వచ్చి, రెండు మూడు తంటాలు పడ్డాక వచ్చి, ఒకటి మర్నాటికి మిగిలిందంటే పుస్తకం సరైన ఎత్తులో ఉన్నట్టే. అన్నీ చకచకా అయిపోతుంటే అది వాడి స్థాయి పుస్తకం కాదు.

కాలిక్యులస్‌కి పరిగెత్తించవద్దు. తెలివైన పిల్లాడని దాటించుకుంటూ పోవడం చాలామంది తల్లిదండ్రులు చేస్తున్నదే, నాకు అస్సలు నచ్చని పని. మధ్యలో సంఖ్యా సిద్ధాంతం, ప్రస్తారాలు-సంయోగాలు, రుజువులతో కూడిన రేఖాగణితం చదివితే ఏడాది వృథా అయినట్టు కాదు. వైశాల్యాల సూత్రాలు మాత్రమే ఇచ్చి రుజువులు ఎగరగొట్టిన రేఖాగణితం పుస్తకాన్ని తాకవద్దు. కాలిక్యులస్ దాటాక వచ్చే పై లెక్కలు ఎక్కువగా రుజువుల భాషలోనే మాట్లాడతాయి.

రుజువులంటే ఇంకో చిక్కుంది. వెనక ఉత్తి జవాబులిచ్చిన పుస్తకం అక్కడ పనికిరాదు, పూర్తి సాధనలున్న పుస్తకం విడిగానైనా దొరకాలి. నీకు ఆ లెక్కలు రావని దిగులుపడ్డావు. రాకపోయినా ఫరవాలేదు. వాడిని బోర్డు దగ్గర నిలబెట్టి చెప్పించుకో, అర్థం కాని ప్రతిచోటా "ఎందుకు?" అని ఆపు. వాడికే స్పష్టంగా లేని మెట్టు అక్కడ బయటపడుతుంది. వారానికొకసారి వాడు రాసింది చదివి దిద్దే లెక్కల మనిషి ఎవరైనా దొరికితే మరీ మంచిది. ఖర్చు పెట్టాల్సి వస్తే వీడియోల మీద కాకుండా దీని మీద పెట్టు.

కాలిక్యులస్ దాటాక, అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలు ఇంటర్నెట్లో పెట్టిన ఎమ్ఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ ఉంది. బహుచరరాశుల కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు, లెక్కల సెట్లు, పరీక్షలు ఉచితమే. ఇంటి మార్కులకు తోడు బయటి పరీక్ష ఒకటి ఉంటే కాలేజీ దరఖాస్తులకు బలం. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ బీసీ (అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష)కి 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. ఇంట్లో చదివే పిల్లల్ని ఆ పరీక్షకు కూర్చోబెట్టే స్కూలును మనమే వెతుక్కోవాలి కాబట్టి విద్యా సంవత్సరం మొదట్లోనే అడిగి ఉంచు.

డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యి. "ఆల్జీబ్రా అయిపోయింది" అన్నమాట పట్టుకుని తరువాతి పుస్తకం కొనకుండా, పాత పుస్తకం మధ్యలోంచి రెండు అధ్యాయాల చివరి పరీక్షలు మూసిన పుస్తకంతో రాయించు. అసమానతల్లో రుణసంఖ్యతో గుణించినప్పుడు గుర్తు మారుస్తున్నాడా, లాగరిథమ్ సూత్రం ఎందుకు నిజమో చెప్పగలడా, ఇవి ముఖ్యంగా చూడు. కొట్టివేతలతో సహా, నువ్వు దిద్దకుండా ఆ కాగితాలు ఫొటో తీసి నాకు పంపు. అవి చూసి ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

మీ పెద్దమ్మ