బొమ్మ మిలటరీ లారీకి చక్రాలు మార్చి అమ్మారు, డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. పాత బ్రిటిష్ మిలటరీ లారీల బొమ్మలు సేకరించడం సరదా. మూడు వారాల కిందట ఆన్‌లైన్‌లో డింకీ అనే పాత బ్రాండ్ బొమ్మ, 151బి నంబరు ఆరు చక్రాల లారీ, 140 పౌండ్లకు కొన్నాను. ‘యుద్ధానికి ముందుది (రెండో ప్రపంచ యుద్ధం), భాగాలన్నీ ఒరిజినల్’ అని రాసి ఉంది. తీరా చూస్తే చక్రాల హబ్‌లు (మధ్య భాగాలు) యుద్ధానికి ముందువాటిలా నున్నగా లేవు, యుద్ధం తర్వాత వచ్చిన, అంచు గట్టులా లేచి ఉండే రకం. ఛాసిస్ (కింది చట్రం) మీద పగుళ్లు కూడా ఉన్నాయి. అడిగితే ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాను, వాపసు లేదు’ అంటున్నాడు.

జవాబు: అడిగే హక్కు మీకుంది. కాకపోతే ‘ఇది యుద్ధానికి ముందుది కాదు’ అని మాత్రం వాదించకండి. ఆ పగుళ్లే మీకు ఎదురు తిరుగుతాయి. ఆ కాలంలో లివర్‌పూల్‌లో డింకీ బొమ్మలు చేసిన మెకానో కంపెనీ వాళ్లు పోతపోసిన జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు చేరితే, ఏళ్లు గడిచాక లోహం దానంతటదే పగులుతుంది. అంటే బాడీ నిజంగానే పాతది కావచ్చు, చక్రాలు తర్వాతెవరో మార్చి ఉంటారు. మీ ఫిర్యాదంతా ‘భాగాలన్నీ ఒరిజినల్’ అన్న ఒక్క మాట మీద పెట్టండి.

ఇక అమ్మినవాడు ఎవరన్నది తేల్చుకోవాలి. ‘ప్రైవేట్ సెల్లర్’ అని పెట్టుకున్నా, లాభానికి కొంటూ అమ్ముతూ ఉంటే చట్టం దృష్టిలో వ్యాపారే. అతని పాత అమ్మకాల పేజీలు, మీ లారీ ప్రకటన ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపటికి ఉంటాయన్న నమ్మకం లేదు. వ్యాపారి అయితే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద, సరుకు అందిన 30 రోజుల్లోపు దాన్ని తిరస్కరించి పూర్తి డబ్బు అడగొచ్చు. మీకు మిగిలింది వారం పైచిలుకే, కాబట్టి ఫోన్లో మాటలు ఆపి ఈమెయిల్ పంపండి.

ఇంట్లో అటక మీద దొరికింది అమ్ముకున్న మామూలు మనిషే అనుకుందాం. అప్పుడూ 1979 నాటి సరుకుల అమ్మకం చట్టం 13వ సెక్షన్ ఉంది: వస్తువు వర్ణనకు సరిపోవాలి. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్నంత మాత్రాన తాను రాసిన మాట చెరిగిపోదు. పగుళ్ల విషయంలో మాత్రం అలాంటివాణ్ణి పట్టుకోలేరు, చట్టం నాణ్యత పూచీ పెట్టింది వ్యాపారి మీదే.

ఈమెయిల్‌లో 14 రోజుల గడువివ్వండి. స్పందన లేకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కు (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు విధానానికి) వెళ్లొచ్చు. 300 పౌండ్లలోపు దావాకు ఫీజు 35 పౌండ్లు. ఆలోగా సరైన చక్రాలు తెచ్చి బిగించేయకండి. కలెక్టర్ చేతులు ఊరుకోవని తెలుసు, కానీ ఆ గట్టు హబ్‌లే మీ సాక్ష్యం.