వాయు నాణ్యత సలహా కమిటీలో రాష్ట్రాల కుర్చీ ఎవరికి దక్కాలి?

అమెరికాలో గాలి నాణ్యత విషయమంతా వాషింగ్టన్‌లోని ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) చేతుల్లోనే ఉంటే, మీ అమ్మాయి చేరబోయే రాష్ట్ర వాయు విభాగానికి మిగిలే పనేమిటని, ఫెడరల్ సలహా కమిటీల్లో రాష్ట్రాల మాట ఎవరైనా వింటారా అని అడిగారు. ఒక రాష్ట్ర వాయు విభాగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఈ ప్రశ్నలో రెండో సగం మీద నాకు బలమైన అభిప్రాయం ఉంది. మొదటి సగానికి జవాబు చట్టంలోనే ఉంది. కాలుష్యాన్ని అది పుట్టే చోటే అరికట్టడం ప్రధానంగా రాష్ట్రాల, స్థానిక ప్రభుత్వాల బాధ్యత అని క్లీన్ ఎయిర్ యాక్ట్ తన ఆరంభంలోనే ప్రకటించింది.

గాలిలో ఏ కాలుష్యం ఎంతకు మించకూడదో ఈపీఏ నిర్ణయిస్తుంది. ఆ తరువాతి పని దాదాపు అంతా రాష్ట్రాలదే. గాలిని కొలిచే మానిటర్లు నడపడం, ఏ ఫ్యాక్టరీ నుంచి ఎంత పొగ వస్తోందో లెక్క కట్టడం, పర్మిట్లు ఇవ్వడం, తనిఖీలు చేయడం రాష్ట్రాల వంతు. కొత్త ప్రమాణం వచ్చిన మూడేళ్లలోగా దాన్ని అమలు చేసే ప్రణాళికను కూడా రాష్ట్రమే రాసి ఈపీఏకు సమర్పించాలి. మేము దాన్ని సిప్ అంటాము. రాష్ట్రం రాయకపోయినా, రాసినది చాలకపోయినా ఈపీఏ తన సొంత ప్రణాళికను ఆ రాష్ట్రం మీద రుద్దగలదు, హైవేలకు వచ్చే ఫెడరల్ నిధులను సైతం ఆపించగలదు. అందువల్ల రాష్ట్ర శాఖలో పనిచేసేవారికి పని తక్కువ అనే భయం అక్కరలేదు.

ఇక సలహా కమిటీల సంగతి. క్లీన్ ఎయిర్ యాక్ట్‌కు 1977లో చేసిన సవరణలతో క్లీన్ ఎయిర్ సైంటిఫిక్ అడ్వైజరీ కమిటీ ఏర్పడింది, అందరూ కాసాక్ అని పిలుస్తారు. అందులో ఏడుగురు సభ్యులు ఉంటారు. వారిలో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యుడు ఒకరు, వైద్యుడు ఒకరు, రాష్ట్రాల వాయు కాలుష్య నియంత్రణ శాఖల తరఫున ఒకరు తప్పనిసరిగా ఉండాలని చట్టమే చెబుతోంది. ప్రమాణాలను ఐదేళ్లకొకసారి సమీక్షించాలి, ఆ సమీక్షలో శాస్త్రం ఏం చెబుతోందో ఈపీఏ అధిపతికి ఈ కమిటీ చెప్పాలి. 1990లో ఏర్పడిన క్లీన్ ఎయిర్ యాక్ట్ అడ్వైజరీ కమిటీ వేరు. అందులో రాష్ట్రాలు, పరిశ్రమలు, స్వచ్ఛంద సంస్థలు కూర్చుని విధానాన్ని ఎలా అమలు చేయాలో చర్చిస్తాయి. 1972 నాటి ఫెడరల్ అడ్వైజరీ కమిటీ చట్టం ప్రకారం ఇలాంటి కమిటీల సమావేశాలు ముందుగా ప్రకటించి, ప్రజలందరి ఎదుట జరపాలి. నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, కాసాక్‌లో రాష్ట్రాలకు కేటాయించిన ఆ కుర్చీ గాలిని కొలిచే పని తెలిసినవారికి దక్కాలి, ఆ కుర్చీలో కూర్చుని ఖర్చుల గోడు వినిపించకూడదు. ఎందుకో చెబుతాను.

పీఎం 2.5 అనే సన్నని ధూళిని కొలిచే ప్రామాణిక పద్ధతి చూడడానికి చాలా సాధారణంగా ఉంటుంది. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు, నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున గాలిని ఒక పలుచని టెఫ్లాన్ ఫిల్టర్ గుండా లాగుతారు. అంటే రోజంతటిలో ఆ ఫిల్టర్ గుండా 24 ఘనపు మీటర్ల గాలి వెళుతుంది. ఫిల్టర్‌ను ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూచితే ఆ తేడాయే ధూళి బరువు. ఆ తూకపు గది ఉష్ణోగ్రత 20 నుంచి 23 డిగ్రీల మధ్య, తేమ 30 నుంచి 40 శాతం మధ్య నిలవాలి. ఫిల్టర్‌ను కనీసం ఒక రోజు ఆ గదిలో ఉంచి, దాని మీది స్థిర విద్యుత్తును పోగొట్టి, ఒక మైక్రోగ్రాము వరకు చూపించే త్రాసు మీద పెట్టాలి. చలికాలంలో చేతి తొడుగులు తీయకుండా పట్టకారుతో ఫిల్టర్ మార్చడం, గాలి లీకవుతోందేమో పరీక్షించడం, ప్రవాహం సరిగా ఉందో లేదో చూసి పుస్తకంలో రాయడం మా విభాగంలో కొత్తగా చేరినవారందరికీ తప్పని పనులు. ప్రవాహం నాలుగు శాతానికి మించి తప్పితే ఆ రోజు లెక్క ప్రశ్నార్థకమవుతుంది.

2012లో ఈపీఏ పీఎం 2.5 వార్షిక ప్రమాణాన్ని ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాముల నుంచి 12 లేదా 13కు తగ్గిస్తామని ప్రతిపాదించింది. 15 నుంచి 12కు దిగడమంటే ఒక రోజు ఫిల్టర్ మీద 72 మైక్రోగ్రాముల తేడా, సుమారుగా ఒక ఉప్పు రేణువు బరువు. ఆ ప్రతిపాదన మీద మా రాష్ట్రం తరఫున అభిప్రాయ లేఖ రాయవలసి వచ్చింది. ప్రతిపాదనలో పెద్ద నగరాల రహదారుల పక్కన కొత్తగా పీఎం 2.5 మానిటర్లు పెట్టాలన్న షరతు ఉంది. మానిటరింగ్ వైపు నుంచి నేను రెండు పేజీలు రాసిచ్చాను. రహదారి అంచున విద్యుత్ కనెక్షన్ ఉన్న స్థలం దొరకడం ఎంత కష్టమో, రవాణా శాఖ అనుమతికి ఎంత కాలం పడుతుందో, ఒకే చోట పక్కపక్కన పెట్టిన రెండు యంత్రాల అంకెల మధ్య మేము చూసిన తేడాలు ఎలా ఉన్నాయో, ప్రమాణం కిందికి దిగే కొద్దీ ఆ తేడాల ప్రాముఖ్యం ఎలా పెరుగుతుందో అందులో వివరించాను. ఇవి రాష్ట్రాలకు తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేని విషయాలు.

లేఖ పైకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆ రెండు పేజీలు నాలుగు వాక్యాలుగా మారాయి. వాటి స్థానంలో కొత్త ప్రమాణం వల్ల పరిశ్రమలు పక్క రాష్ట్రాలకు తరలిపోతాయని, ఉద్యోగాలు పోతాయని, కనుక 15నే కొనసాగించాలని పెద్ద వ్యాసం చేరింది. సమావేశపు గదిలో నేను అభ్యంతరం చెప్పాను. ప్రమాణాన్ని నిర్ణయించేటప్పుడు ఖర్చును పరిగణించడానికి వీల్లేదని 2001లో సుప్రీంకోర్టు విట్‌మన్ కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది కదా, చట్టం వినకూడదన్న వాదనను మనం ఎందుకు పంపుతున్నామని అడిగాను. ఇది పైవారి నిర్ణయం అన్నారు. చివరికి ఈపీఏ డిసెంబరులో 12 మైక్రోగ్రాముల ప్రమాణాన్ని ఖరారు చేసింది, ఖర్చుల వాదనను చట్టం అనుమతించదని చెప్పి పక్కన పెట్టింది. అదే నిబంధనలో రహదారి పక్క మానిటర్లకు మాత్రం నగరం పరిమాణాన్ని బట్టి 2015, 2017 అని రెండు గడువులు ఇచ్చింది. ఏ వాదనకు వినే చెవి ఉందో ఇంతకంటే స్పష్టంగా తెలియదు. మా లేఖలో మానిటర్ల వాదనకు మిగిలినది నాలుగు వాక్యాల చోటు.

ఖర్చు గురించి మాట్లాడకూడదని నేను అనడం లేదు. ప్రమాణం ఖరారైన తరువాత దాన్ని ఏ దారిలో చేరాలో నిర్ణయించేది రాష్ట్రమే. ఏ బాయిలర్ మీద ఎంత భారం వేయాలో, ఏ పరిశ్రమకు ఎంత గడువు ఇవ్వాలో సిప్ రాసేటప్పుడు ఖర్చును చూసుకోవడానికి చట్టం ఎంతో వెసులుబాటు ఇచ్చింది. దానికి తోడు, రాష్ట్ర అధికారులు ఫెడరల్ అధికారులతో అమలు గురించి నేరుగా మాట్లాడుకునే సమావేశాలకు 1995 నాటి ఒక చట్టం సలహా కమిటీ నిబంధనల నుంచి మినహాయింపు కూడా ఇచ్చింది. ఆస్తమా ఉన్న పిల్లల తల్లికి ఆ తలుపు లేదు. ఆమె కామెంట్ రాసుకోవాలి, లేదా బహిరంగ సమావేశంలో కేటాయించిన కొద్ది నిమిషాల్లో మాట్లాడుకోవాలి. ఇన్ని తలుపులున్న రాష్ట్రాలు ఆరోగ్యం గురించి మాత్రమే మాట్లాడవలసిన ఒక్క గదిలోకి కూడా ఖర్చుల చర్చను తీసుకువెళ్లడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం.

2018 తరువాత జరిగినది ఈ నమ్మకాన్ని ఇంకా పెంచింది. ఆ ఏడాది అక్టోబరులో ఈపీఏ, కాసాక్‌కు తోడుగా ఉండే సూక్ష్మ ధూళి నిపుణుల బృందాన్ని రద్దు చేసింది. అప్పుడు ఏడుగురు సభ్యుల కమిటీలో జార్జియా, టెక్సాస్, యూటా రాష్ట్ర శాఖల నుంచి ముగ్గురు, అలబామాలోని ఒక కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి మరొకరు ఉన్నారు. పైపైన చూస్తే రాష్ట్రాలకు ఇంత ప్రాతినిధ్యం ఎన్నడూ లేదు. అయితే 2019 ఏప్రిల్‌లో ఆ కమిటీయే, పాత బృందాన్ని గానీ అటువంటి నైపుణ్యం ఉన్న మరో బృందాన్ని గానీ తమకు ఇవ్వమని ఈపీఏను కోరింది. ఈపీఏ ఇవ్వలేదు. రద్దయిన బృందంలోని శాస్త్రవేత్తలు అదే ఏడాది అక్టోబరులో తమంతట తామే సమావేశమై, వార్షిక ప్రమాణం 8 నుంచి 10 మధ్య ఉండాలని సిఫారసు చేశారు. ఈపీఏ 2020 డిసెంబరులో 12నే కొనసాగించింది, మళ్లీ సమీక్షించి 2024 ఫిబ్రవరిలో 9కి దించింది. రాష్ట్రాల నుంచి వచ్చినవారి సంఖ్య పెరిగినంత మాత్రాన రాష్ట్రాలు ఇవ్వగలిగిన జ్ఞానం కమిటీకి అందదు. ఒక్కరే ఉన్నా ఫిల్టర్ గదిలో ఏళ్ల తరబడి పనిచేసినవారు ఉంటే, పక్కన ఊపిరితిత్తుల వైద్యుడు, జనాభా అధ్యయనాలు చేసేవారు కూర్చుంటే, ఆ కమిటీ మాటకు బరువు వస్తుంది.

ఈ సందర్భంలో డబ్బు గురించి కూడా చెప్పాలి. 2004 తరువాత రాష్ట్ర, స్థానిక వాయు శాఖలకు ఈపీఏ ఇచ్చే వార్షిక నిధులు, ధరల పెరుగుదలను సర్దితే, సుమారు 20 శాతం తగ్గాయని ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏవో 2020 నివేదికలో రాసింది. ప్రమాణం కిందికి దిగుతుంటే కొలిచేవారికి నిధులు తరిగిపోతున్నాయి. కాలం చెల్లిన పంపులు, వర్షానికి కారే షెల్టర్లు నేను కళ్లారా చూశాను. రాష్ట్రాలు గట్టిగా గొంతు విప్పవలసిన చోటు ఇది. మా రోజుల్లో పైకి వెళ్లే లేఖల్లో దీనికి చివరి పేరాలో ఒక వాక్యం దక్కేది.

మన తెలుగువారి గురించి ఒక బాధ ఉంది. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల్లో మనవాళ్లు ఎందరు స్థిరపడ్డారో మీకు తెలుసు. ఆ ప్రాంతమంతా ఓజోన్ అనే మరో కాలుష్యపు ప్రమాణాన్ని అందుకోని ప్రాంతాల జాబితాలో ఉంది. వేసవిలో ఓజోన్ హెచ్చరిక వచ్చినప్పుడు పిల్లల క్రికెట్ కోచింగ్ వాయిదా వేసుకోవడం వరకు అందరికీ తెలుసు కానీ, ఆ ప్రాంతానికి రాసే సిప్ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని, ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చని చెబితే ఆశ్చర్యపోతారు. మన సంఘాల వేదికల మీద వీసాల గురించి గంటలకొద్దీ చర్చ జరుగుతుంది, పిల్లలు పీల్చే గాలి గురించి ఒక్క సదస్సు జరగగా నేను చూడలేదు.

2025 జనవరిలో కొత్త ప్రభుత్వం కాసాక్ సభ్యులందరినీ తొలగించింది. 2021లో అంతకుముందు ప్రభుత్వం కూడా ఉన్న సభ్యులను తొలగించి కొత్త కమిటీని వేసింది. అధికారం మారినప్పుడల్లా కమిటీ మొత్తాన్ని మార్చే ఈ అలవాటును, ఎవరు చేసినా, నేను సమర్థించను. ఐదేళ్ల సమీక్ష మధ్యలో కమిటీ మారితే మొదటి ముసాయిదా చదివినవారు చివరి ముసాయిదా నాటికి ఉండరు. కొత్త సభ్యుల కోసం ఈపీఏ, ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన ఇస్తుంది, అర్హులైనవారి పేరును ఎవరైనా ప్రతిపాదించవచ్చు. రాష్ట్ర శాఖలు ఆ ప్రకటన చూసి తమ ఉన్నతాధికారుల పేర్లు కాక, తమ మానిటరింగ్ విభాగాల్లోని సీనియర్ల పేర్లు పంపాలని నా కోరిక.

మీ అమ్మాయికి విభాగం ఎంచుకునే వీలుంటే మొదటి రెండేళ్లు మానిటరింగ్‌లో వేయమని అడగమనండి. పర్మిట్ల విభాగంలో పదోన్నతి త్వరగా వస్తుందని అక్కడివారు చెబుతారు, అది నిజమే. కానీ ఫిల్టర్ తూకం నుంచి మూడేళ్ల సగటు వరకు ఒక అంకె ఎలా తయారవుతుందో చేతులారా చేసి తెలుసుకున్నవారికి, తరువాత సిప్ రాసినా, అభిప్రాయ లేఖ రాసినా, ఎక్కడ గట్టిగా నిలబడాలో తెలుస్తుంది. కాసాక్ బహిరంగ సమావేశాలను ఆన్‌లైన్‌లో ఎవరైనా వినవచ్చు. మళ్లీ జరిగినప్పుడు ఒక్కటైనా మొదటి నుంచి చివరి వరకు వినమనండి, ప్రత్యేకించి కొలత పద్ధతుల మీద జరిగే చర్చ.