మీ చేపలకు వైరస్ కాదు, ఊపిరాడలేదు

ప్రశ్న: మాది ఎకరన్నర చెరువు, లోతు అయిదడుగులు. నీరు చిక్కగా పచ్చబడితే మందుల దుకాణంలో ఇచ్చిన మైలుతుత్తం చెరువంతా చల్లాం. తర్వాత మూడు రోజులు మబ్బు పట్టింది. నాలుగో రోజు తెల్లవారేసరికి నీటి రంగు గోధుమగా మారి, పెద్ద చేపలు వందల సంఖ్యలో తేలాయి. చిన్నవి చాలావరకు బతికాయి, కొర్రమీనులకు ఏమీ కాలేదు. వైరస్ సోకిందంటూ దుకాణం వారు యాంటీబయాటిక్ కలిపిన మేత, ఎకరాకు కిలో చొప్పున ఆక్సిజన్ బిళ్లలు ఇచ్చారు. మరుసటి తెల్లవారుజామున మళ్లీ చనిపోయాయి. పక్క పొలంలో కొట్టిన పురుగుమందు కలిసిందేమోనని మా అనుమానం. ఏం చేయాలి? తేలిన చేపలను అమ్మవచ్చా?

జవాబు: ముందు ఆ యాంటీబయాటిక్ మేత ఆపండి. వైరస్ అనడానికి మీరు రాసినదాంట్లో ఒక్క లక్షణమూ లేదు. ఒకవేళ వైరసే అయినా దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇచ్చినవారికి ఈ మాత్రం తెలిసి ఉండాలి.

మీ చేపలు ఆక్సిజన్ అందక చనిపోయాయి. కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. అది క్షేమంగా ఉండి మిగతావి చనిపోయాయంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ అయిపోయిందన్నమాట. ఇలాంటప్పుడు పెద్ద చేపలే ముందు పోతాయి, అదీ తెల్లవారుజామునే. పురుగుమందు కలిస్తే చావులకు వేళంటూ ఉండదు. సాధారణంగా చిన్న చేపలు ముందు పోతాయి. పైరిత్రాయిడ్ మందులైతే నీటి పురుగులు, రొయ్యలు చేపలకంటే ముందే చస్తాయి. రోగమైతే ఒక్క రాత్రిలో ఇన్ని పోవడం అరుదు. రోజుకు కొన్ని చొప్పున మొదలై పెరుగుతుంది, పుండ్లో మచ్చలో కనిపిస్తాయి.

కారణం మీరు చల్లిన మైలుతుత్తం, దానికి తోడు మబ్బు. నీటిని పచ్చబరిచి, పగలు ఆక్సిజన్ తయారుచేసే నాచును ఒకేసారి చంపేశారు. చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌నూ లాగేసింది. నీరు గోధుమ రంగుకు మారడం దానికి గుర్తు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మోతాదు నీటి క్షారతను (ఆల్కలినిటీ, అంటే నీటిలో కరిగిన కార్బనేట్ల కొలత) బట్టి ఉంటుంది. క్షారత లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములుందో చూసి దాన్ని 100తో భాగిస్తే వచ్చేదే లీటరుకు వాడదగిన మిల్లీగ్రాములు. క్షారత 50 కంటే తక్కువైతే అసలు వాడకూడదు. వాడినా ఒక విడతలో చెరువులో మూడో వంతుకు మించి చల్లకూడదు. మీకు అమ్మినవారు క్షారత ఎంత అని అడిగారా?

ఇక ఆక్సిజన్ బిళ్లల లెక్క చూడండి. వీటిలో ఎక్కువగా ఉండేది సోడియం పెర్కార్బనేట్. దాని బరువులో సుమారు 13 శాతమే ఆక్సిజన్‌గా వస్తుంది. మీ లోతుకు ఎకరా చెరువులో దాదాపు 6,000 ఘనపు మీటర్ల నీరుంటుంది. అందులో లీటరుకు ఒక్క మిల్లీగ్రాము ఆక్సిజన్ పెంచాలంటే, ఏమీ వృథా కాకపోయినా 46 కిలోల బిళ్లలు కావాలి. మీరు వేసిన కిలోతో పెరిగింది లీటరుకు 0.02 మిల్లీగ్రాములు. చేపకు కావలసింది లీటరుకు 5. మూడు కంటే తగ్గితే ఇబ్బంది పడుతుంది, ఒకటి దగ్గరకు వస్తే చావే. ఆ డబ్బు ఏరియేటర్‌కు (నీటిలో గాలి కలిపే యంత్రానికి) పెట్టి ఉండాల్సింది.

ఈ రాత్రి నుంచే ఎకరాకు 2 హార్స్‌పవర్ చొప్పున ఏరియేటర్లు నడపండి. నాచు కుళ్లడం ఆగేదాకా పగలూ ఆపవద్దు. ఏరియేటర్లు సరిపోకపోతే అన్నీ ఒకే మూల పెట్టండి, చేపలు అక్కడికి చేరి బతుకుతాయి. ఏరియేటరే లేకపోతే ఇంజిన్‌తో చెరువు పై నీటిని తోడి పైనుంచి జల్లులా పడేయండి. అడుగు నీటిని కదిలించకండి, దానిలో ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. బోరు నీటిలోనూ ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి నేరుగా వదలకుండా పలక మీద చిమ్మేలా పోయాలి. మేత, పేడ, ఎరువు పూర్తిగా బంద్. తెల్లవారుజామున ఆక్సిజన్ వరుసగా రెండు రోజులు 4 దాటాక సగం మేతతో, ఉదయం 9 తర్వాత మొదలుపెట్టండి.

సున్నం చల్లాలన్న ఆలోచన కూడా వద్దు. నాచు చచ్చిన చెరువులో అమ్మోనియా పెరుగుతుంది. సున్నం పిహెచ్‌ను (నీటి ఆమ్ల-క్షార స్థాయిని చెప్పే అంకెను) పెంచి దాన్ని మరింత విషంగా మారుస్తుంది. 30 డిగ్రీల నీటిలో పిహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో విషపూరిత భాగం ఒక శాతం లోపే. పిహెచ్ 9కి చేరితే అదే 45 శాతం దాకా వస్తుంది. పది రోజుల పాటు అమ్మోనియా, నైట్రైట్, మధ్యాహ్నం పిహెచ్ చూస్తూ ఉండండి.

ముందే హెచ్చరిక కావాలంటే ఆక్సిజన్ మీటర్ ఒకటి కొనండి. రాత్రి 8కి, 10కి చూడండి. 8కి 6 ఉండి 10కి 5 అయితే రెండు గంటలకు ఒకటి తగ్గుతున్నట్టు. ఆ లెక్కన ఉదయం 6కి మిగిలేది ఒకటే. అప్పుడే ఏరియేటర్ వేస్తారు, తెల్లవారాక ఏడవరు. మీటర్ లేనిచోట మోచేతి వరకు చేయి ముంచి చూడండి. మోచేయి మునగక ముందే అరచేయి కనిపించకపోతే నాచు మితిమీరినట్టే. అప్పుడు తగ్గించాల్సింది మేత, ఎరువు. చల్లాల్సింది ఇంకో మందు కాదు.

పురుగుమందు మీద అనుమానం తీరకపోతే, చనిపోయే దశలో ఉన్న చేపలను మంచు మీద, నీటిని శుభ్రమైన గాజు సీసాలో లీటరు నింపి, చీకటిలో చల్లగా ఉంచి అదే రోజు ప్రయోగశాలకు పంపండి. ఉబ్బిన చేపలతో పరీక్ష చేయలేరు.

తేలిన చేపలను అమ్మకండి, తినకండి. అవి ఎప్పుడు చనిపోయాయో మీకు తెలియదు, పైగా రెండోసారి పోయినవి యాంటీబయాటిక్ మేత తిని ఉండవచ్చు. ఈ రోజే తీసి, చెరువుకు దూరంగా గుంటలో సున్నం వేసి పూడ్చండి. బతికిన చేపలను పట్టుబడికి పంపే ముందు ఆ మేత డబ్బాపై రాసిన విరామ కాలం (మందు మేత ఆపాక పట్టుబడికి ముందు ఆగాల్సిన రోజులు) చూడండి. డబ్బాపై అది రాసి లేకపోతే ఆ దుకాణంలో ఇంకేమీ కొనకండి.