బెండ విత్తనానికి ఏ మొక్కను ఉంచాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పది సెంట్లలో బెండ వేస్తాను. పోయినేడు కొట్లో కొన్న హైబ్రిడ్ బాగా కాసిందని కొన్ని కాయలు ముదరనిచ్చి విత్తనం తీశాను. ఈ ఏడు అదే వేస్తే ఒక మొక్క నడుము దాకా, పక్కది నెత్తి దాకా పెరిగింది. ఒకదానికి ఐదు పలకల కాయ, ఇంకోదానికి ఏడు పలకలు, కొన్నింటికి చేతికి గుచ్చుకునేంత నూగు. విత్తనం చెడిపోయిందా?
(ఒక రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: చెడిపోలేదండీ. హైబ్రిడ్ అంటే వేరు వేరు గుణాలున్న రెండు రకాలను కలిపితే వచ్చిన మొదటి తరం, అందుకే ఆ ఏడు చేనంతా ఒకేలా ఉంటుంది. దాని విత్తనం వేశారంటే లోపల దాగి ఉన్న గుణాలు విడిపోయి బయటపడతాయి. మీకు కనిపించిన తేడాలు అవే, కొత్త రకం తీసేవాళ్ళకు కావలసిన సరుకు కూడా అదే. వాటిలోంచి మీకు నచ్చినది నిలబెట్టుకోవచ్చు, కాకపోతే ఓపిక కావాలి. మొక్క తన పుప్పొడితోనే తాను కాసినప్పుడు ఈ విడిపోయే గుణం తరానికి సగం తగ్గుతూ వస్తుంది, రెండో తరంలో సగం ఉంటే మూడో తరంలో పావు, ఆరో తరానికి 3 శాతం చిల్లర.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. విత్తనానికి మీరు ఉంచిన కాయలు ఎలాంటివి? చాలామంది కోతలో ఆకుల చాటున తప్పిపోయి ముదిరినవే ఉంచుతారు. అది ఎంపిక కానే కాదు, ఏ మొక్కదో తెలియని కాయ అది. చూడాల్సింది మొక్కను. నలభై అయిదు, యాభై రోజులకు మొదటి కోత వచ్చేసరికే చేలో తిరిగి, కణుపులు దగ్గరగా ఉండి, కింది నుంచే కాస్తున్న మొక్కలు ఇరవై ఎంచి రంగు దారం కట్టండి, ఒక్కోదాని విత్తనం విడిగా తీసి విడి పొట్లం కట్టండి.

అన్ని గుణాలనూ ఒకే కంటితో చూడకూడదు. పలకల లెక్క, నూగు, కాయ రంగు నేలను బట్టి పెద్దగా మారవు, చూసి ఎంచవచ్చు. దిగుబడి అలా కాదు, ఎరువు కుప్ప పోసిన చోటో నీటి బోదె పక్కనో ఉన్న మొక్క ఎలాగూ ఎక్కువ కాస్తుంది, ఆ బలం పిల్లలకు రాదు. అందుకే మరుసటి ఏడు మొక్కకో సాలు చొప్పున పక్కపక్కనే వేసి, ఏ సాలు మొత్తంగా బాగుందో అది తీసుకోండి.

బెండ పువ్వు పొద్దున విచ్చి ఆ రోజే వాడిపోతుంది. తన పుప్పొడితోనే కాస్తుంది గానీ తేనెటీగల వల్ల 4 నుంచి 19 శాతం దాకా బయటి పుప్పొడి పడుతుందని లెక్క. ముందు రోజు సాయంత్రం మొగ్గకు కాగితపు సంచి తొడిగితే ఆ టెన్షన్ ఉండదు.

ప్రశ్న: పల్లాకు తెగులుకు బెండ తోటంతా పసుపు రంగుకు తిరిగింది, నాలుగు మొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. వాటి విత్తనం తెగులును తట్టుకుంటుందా?
(ఒక పాఠకురాలు, మంగళగిరి)

జవాబు: తట్టుకోవచ్చు, లేదా ఈ తెగులును మోసుకొచ్చే తెల్లదోమ వాటి మీద వాలకపోయీ ఉండవచ్చు. తేల్చాలంటే వాటి విత్తనాన్ని దోమ ఎక్కువగా ఉండే కాలంలో, తెగులు తప్పక సోకే రకం పక్కన సాళ్ళుగా వేయాలమ్మా. పూసా సావని ఒకప్పుడు ఈ తెగులును తట్టుకుంటుందని ఢిల్లీలో తీసిన రకమే, తర్వాత ఆ శక్తి పోయింది. అప్పుడు అడవి బెండ జాతులతో కలిపి చూశారు, పర్భణి క్రాంతి, బెంగళూరులో తీసిన అర్క అనామిక రకాలు అలా వచ్చినవే. వాటికీ చాలా చోట్ల తెగులు కనిపిస్తోంది, తెగులు తెచ్చే వైరస్ కూడా మారుతుంది కదా. మీ నాలుగు మొక్కల విత్తనం మాత్రం పారేయకండి, ఒక్కో మొక్కది విడిగా దాచండి.

ప్రశ్న: మిద్దె మీద ఎర్ర బెండ, పచ్చ బెండ పక్కపక్క కుండీల్లో ఉన్నాయి. ఎర్ర మొక్కకు ఎర్ర కాయలే వస్తున్నాయి, అంటే రెండూ కలవలేదనేనా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అలా అనుకోవద్దండీ. కాయ తొక్క తల్లి మొక్కదే, ఏ పుప్పొడి పడ్డా ఈ ఏడు రంగు మారదు, కలిసి ఉంటే తేడా ఆ గింజ మొలిచాక పుట్టిన మొక్కలో కనిపిస్తుంది. విత్తనానికి ఉంచే రెండు మూడు మొగ్గల రేకులు విచ్చకుండా ముందు రోజు సాయంత్రం దారంతో ముడి వేయండి, కాయ నిలిచాక గుర్తు కట్టి, అది గోధుమ రంగుకు తిరిగి పలకల వెంట పగిలేదాకా మొక్క మీదే ఉంచండి.