ఎన్నో పేజీలో ఉన్నారు?

మైలాపూరు, చెన్నై

అమ్మలూ,

ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. వేళచ్చేరిలో మీ అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళని నెలకోసారి కూర్చోబెట్టి ఎవరేం చదువుతున్నారో చెప్పించాలని ఉందన్నావు. "ఎలా మొదలుపెట్టాలి పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదిది. అందుకే కాగితం తీశాను. కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఇలాంటి కూటమే నడిపాను, మొదట్లో పార్కులో, తర్వాత మా మేడమీద. చూసిందీ, తప్పు చేసి తెలుసుకున్నదీ నీకు చెబుతాను.

అన్నిటికన్నా ముందు, "మీకు నచ్చిన పుస్తకం గురించి మాట్లాడండి" అని మాత్రం పిలవకు. మేం అలాగే పిలిచాం. అందరూ ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివిన పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు పట్టుకొచ్చారు. ఎవరు లేచినా ఉపన్యాసమే. రచయిత పుట్టిన ఊరు, వచ్చిన బిరుదులు, ఇచ్చిన సందేశం. వినేవాళ్ళు వాచీలు చూసుకునేవారు. పదహారు మందిదాకా పెరిగినవాళ్ళం, ఆరు నెలలు తిరిగేసరికి ఐదుగురమయ్యాం. అప్పుడు ప్రశ్న మార్చాం. "ఇప్పుడు మీ తలగడ పక్కన ఏ పుస్తకం ఉంది? ఎన్నో పేజీలో ఉన్నారు?" అంతే, ఇంకేం అడగలేదు.

సగంలో ఉన్న పుస్తకం గురించి చెప్పేటప్పుడు మనిషి గొంతే మారిపోతుందమ్మా. ఇంకా తీర్పు చెప్పే స్థితికి రాలేదు కదా, ఆ కథలోనే ఉంటారు. ఒకసారి ఒకావిడ, "ఈ పిల్ల వాళ్ళ నాన్నని క్షమిస్తుందో లేదో తెలియట్లేదండీ. క్షమించకూడదనే ఉంది నాకు. పన్నెండైందని మా ఆయన లైటు తీసేశాడు" అంది. నలుగురు ఒక్కసారే ఆ పుస్తకం పేరడిగారు. పూర్తి చేసినవాళ్ళు చెప్పిన ఏ పుస్తకానికీ మా కూటమిలో అంత గిరాకీ రాలేదు.

"బాగుందా?" అని అడగడం కూడా మానెయ్. ఆ ప్రశ్నకి "బాగుంది" తప్ప ఇంకో జవాబు రాదు, మాట అక్కడితో ఆగిపోతుంది. నిన్న ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు, ఎక్కడ విసుగొచ్చింది, ఎవరి మీద కోపమొచ్చింది, ఇలాంటివి అడుగు. నలభై పేజీలు చదివి పక్కన పడేశానని చెప్పే హక్కు ప్రతివాళ్ళకీ ఉండాలి. అది నువ్వే మొదటిరోజు చెప్పు, నీ పుస్తకాల్లో సగంలో వదిలేసినదాని పేరుతో సహా. అప్పుడు మిగతావాళ్ళకి మొహమాటం పోతుంది.

ఇప్పుడు రాస్తున్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మా కూటమికి ఒక అమ్మాయి వచ్చేది, కొత్తగా పెళ్ళయి ఊరు మారిన పిల్ల. ప్రేమ నవలలు చదివేది. మూడో నెలలో ఆ పిల్ల తన నవల గురించి ఉత్సాహంగా చెబుతుంటే, బాగా చదువుకున్న ఒక పెద్దాయన నవ్వి, "ఇవి కూడా పుస్తకాలేనా అమ్మా" అన్నారు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని పుస్తకం సంచిలో పెట్టేసుకుంది. ఆ నెల తర్వాత మళ్ళీ రాలేదు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. పెద్దాయనని ఎలా అంటామని ఊరుకున్నాను. అనాల్సింది, అక్కడికక్కడే అనాల్సింది. నువ్వు వయసు చూసి ఆగకు. వంటల పుస్తకమైనా, వ్రతకథలైనా, షేరు మార్కెట్ పుస్తకమైనా, పిల్లలకి రాత్రిపూట చదివిపెట్టే బొమ్మల కథైనా చదువే. వంట చేస్తూ చెవిలో పెట్టుకుని విన్న నవల కూడా లెక్కలోకే వస్తుంది. ఏది గొప్పదో ఏది కాదో తేల్చడానికి విశ్వవిద్యాలయాలున్నాయి. మీ కూటమి పని వేరు.

ఇక మన చెన్నైలో ఉన్న పెద్ద సంగతి. తెలుగు గడగడా మాట్లాడేవాళ్ళలో చాలామందికి చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. 2006లో వచ్చిన చట్టంతో ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు. కానీ అంతకు ముందు తరాల్లోనూ ఇలాంటివాళ్ళు బోలెడుమంది. వాళ్ళు నీ పిలుపు విని, "మనకెందుకులే" అని తలుపు వేసుకుంటారు. వాళ్ళ తలుపు నువ్వే వెళ్ళి తట్టాలి.

మా దగ్గరికి ఒకాయన భార్యని దింపడానికి వచ్చి వెనక కుర్చీలో కూర్చునేవాడు. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినవాడు. మూడు నెలలు ఒక్క మాటా లేదు. నాలుగో నెల సంచిలోంచి ఒక బైండు పుస్తకం తీశాడు. నల్ల కాలికో అట్ట, పైన పేరు లేదు. తెరిస్తే వారపత్రికలోంచి వారం వారం చించి కుట్టించిన సీరియల్. మీ అమ్మమ్మా అలా కుట్టించుకునేదే, అందుకే చూడగానే గుర్తుపట్టాను. ఒక కాగితం వెనక సబ్బు ప్రకటన, ఇంకోదాని వెనక సగం వంటల పేజీ. ప్రతి భాగం నెత్తిన పెన్సిల్‌తో తేదీ. "మా అమ్మ పోయాక బీరువాలో దొరికిందండీ. నాకు చదవడం రాదు. ఇందులో ఏముందో ఎవరైనా చెప్తారా?" అన్నాడు.

ఆ రోజునుంచి నెలకి రెండు భాగాలు పైకి చదివాం. ఎవరికి గొంతు బాగుంటే వాళ్ళు చదివేవారు. ఆయన కళ్ళప్పగించి వినేవాడు. మధ్యలో ఒకచోట ఆపించి, "ఈ మాట మా అమ్మ అనేది" అన్నాడు. చివరికొచ్చేసరికి ఆఖరి మూడు వారాలు లేవు! చిరిగిపోయాయో, అసలు కుట్టించనే లేదో. మా కూటమిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఆ సీరియల్ వచ్చే రోజుల్లోనే చదివారట. ఒకావిడ, కథలోని పిల్ల ఉద్యోగానికి పట్నం వెళ్ళిపోయిందంది. రెండో ఆవిడ, కాదు, ఇంటికే తిరిగొచ్చింది, నాకు బాగా గుర్తుంది అని ఒట్టు పెట్టింది. ఇద్దరూ పట్టు వదల్లేదు. ఆయన రెండు ముగింపులూ చిన్న డైరీలో రాసుకున్నాడు. పక్కనుంచి తొంగిచూశాను. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు.

అక్షరాలు నేర్చుకోమని ఆయనకి మేమెవరం చెప్పలేదు. నువ్వూ అలాంటివాళ్ళకి చెప్పకు. పైకి చదివే పదినిమిషాలు మాత్రం ప్రతి కూటమిలో ఉంచు. ఎవరి పుస్తకంలోంచైనా ఒక్క పేజీ చాలు. తమిళ నవల చదువుతున్నవాళ్ళుంటే దాన్ని తెలుగులో చెప్పమను. మన ఊళ్ళో ఉన్న లాభం అది, హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి ఆ తీరు దొరకదు.

తర్వాత, ఒక నోటుపుస్తకం పెట్టు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, చెప్పినవాళ్ళ పేరు, ఎక్కడ దొరుకుతుందో, ఇవి ఆ పూటే రాసెయ్. ఆ చివరిది ముఖ్యం. పుస్తకం చేతికి రాకపోతే ఎంత బాగా చెప్పినా గాల్లో కలిసిపోతుంది. మా వృత్తికి గురువు రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేరారు. 1931లో ఆయన చెప్పిన ఐదు సూత్రాల్లో రెండు నాకెప్పుడూ నోటిమీదే ఉంటాయి: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. ఆ జత కుదర్చడమే నీ నోటుపుస్తకం పని.

తెలుగు పుస్తకాలు ఇక్కడి షాపుల్లో పెద్దగా దొరకవు. విజయవాడ, హైదరాబాదు నుంచి తెప్పించుకోవాల్సిందే. ఐదారుగురు కలిసి ఒకేసారి ఆర్డరిస్తే పోస్టు ఖర్చు తగ్గుతుంది. ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలో కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ ఒకటి పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. పంపని ప్రచురణకర్తలూ ఉన్నారు, అయినా వెళ్ళి అడగడం నీ వంతు. పిల్లలున్నవాళ్ళని కొట్టూరుపురంలో అన్నా శతజయంతి లైబ్రరీకి పంపు, మీ రైలు దారిలోనే ఉంది. జనవరిలో నందనం పుస్తకాల పండక్కి అందరూ కలిసి వెళ్ళండి. అక్కడ తమిళానిదే రాజ్యం, అయినా సంచి నింపుకున్నవాళ్ళ ముఖాలు చూసినా హుషారొస్తుంది. కొన్నవాటి గురించి ఫిబ్రవరిలోనే చెప్పనివ్వు. అప్పటికి నిజంగా తెరిచినవేవో తేలుతుంది.

వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంచుకోవడం మొదలవుతుంది, తప్పకుండా మొదలవుతుంది. మొదటిరోజే గట్టిగా చెప్పు. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు ఆ పుస్తకం మీద హక్కు వాళ్ళ కుటుంబానిదో, ప్రచురణ సంస్థదో అయి ఉంటుంది. ఆ గడువు దాటిన పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసినవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బోలెడున్నాయి, అవి హాయిగా చదువుకోండి. బతికున్న రచయిత పుస్తకమైతే కొనండి. తెలుగులో వెయ్యి కాపీలు అమ్ముడుపోవడానికి ఏళ్ళు పడుతుంది. అందులో మీ ఎనిమిది కాపీలు ఆ మనిషికి ఎంత ఊపిరో నీకు తెలియదు.

మిగతావి చిన్న సంగతులు. పదిమంది దాటితే రెండు గుంపులు చెయ్యి. మనిషికి ఐదారు నిమిషాలు. గంట కొట్టకు, తర్వాతివాళ్ళ వైపు చూడు చాలు. కథ చివర చెప్పేవాళ్ళని మాత్రం మధ్యలోనే ఆపు. టిఫిన్లు పెట్టకు. నేను బజ్జీలు వేసిన నెలల్లో సగం సమయం వాటికే పోయింది. ఫిల్టర్ కాఫీ, చేగోడీలు, అంతే. మేలో ఐదున్నర తర్వాత పెట్టుకో. డిసెంబరు రెండో సగంలో పెట్టకు, కచేరీల రోజులు, సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళెవరూ రారు. తిరిగి రాకపోయినా పరవాలేదనుకున్న పుస్తకమే అరువివ్వు, ఇచ్చింది నోటుపుస్తకంలో రాయి.

జనం రాలేదని ఎప్పుడైనా దిగులేస్తే మా మొదటి కూటమి గురించి చెబుతాను విను. నలుగురం. లజ్‌లో నాగేశ్వరరావు పార్కు, రాతి బెంచీ, దోమలు. 1914లో ఆంధ్రపత్రికని బొంబాయి నుంచి మద్రాసుకి తెచ్చి, ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు అచ్చువేయించిన కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరే ఆ పార్కుకి. ఆ సంగతి మాలో ఒక్కరికే తెలుసు. ఆ సాయంత్రమంతా దాని మీదే మాటలు నడిచాయి, పుస్తకాల ఊసే రాలేదు. అయినా రెండో నెల నలుగురమూ వచ్చాం.

మొదటి ఆదివారం నేనొస్తాను. తిరుమయిలై స్టేషన్లో రైలెక్కితే నేరుగా మీ వేళచ్చేరే కదా. స్టేషనుకి ఎవరినీ పంపకు, ఆటోలో వచ్చేస్తాను. నన్ను మొదట మాట్లాడించకు, పెద్దదాన్ని కదా, నా తర్వాత అందరూ నాలాగే చెప్పాలేమో అనుకుంటారు. మధ్యలో ఎప్పుడో పిలువు. నేనిప్పుడు 112వ పేజీలో ఉన్నాను. వాళ్ళన్నయ్య రాసిన ఉత్తరం ఆవిడ ఇంకా విప్పలేదు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ