జేజి గాదె సందులో ఇరుక్కుంది

ప్రొద్దుటూరు
ఆదివారం

అమ్మాయీ,

నీ గండికోట వ్యాసం నిన్న రాత్రి ఫోన్లో చదివాను. చదివాను అనడం కంటే ఏరుకున్నాను అనాలి. తొమ్మిది గోరంత బొమ్మలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. వాటి పక్క సందుల్లో నీ మాటలు. "ధాన్యాగారంలోకి అడుగుపెట్టగానే మా జేజి గాదె వాసన కొట్టింది" అని రాశావు చూడు, అది ఐదు వరుసలైంది. 'ధాన్యాగారంలోకి' ఒక వరుస, 'అడుగుపెట్టగానే' ఇంకో వరుస. గాదె దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు పక్కనున్న జామా మసీదు బొమ్మ మీద ఉన్నాయి. వాక్యం బాగుండబట్టే కోపం వచ్చింది.

లెక్క చూడు. మామూలు ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్ల చుట్టూ ఉంటుంది. నీ బొమ్మ 200. అంచులు పోగా మాటలకు మిగిలేది 130 చిల్లర. ఇంగ్లీషులో అయితే చిన్న మాటలు రెండో మూడో పడతాయి. మన 'చీల్చుకుంటూ' ఒక్కటే సర్దుకుని కూర్చోవాలి. తెలుగు మాట పొడుగు, పైన గుడి, కింద వత్తు. దానికి చోటు కావాలి. ఈ మాట నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల నుంచీ అంటూనే ఉన్నాను. అప్పుడు మా కంపోజిటర్ బొమ్మ ఉన్న జింకు బ్లాకు పక్కన సీసం అక్షరాల టైపు పేరుస్తూ "ఈ సందులో రెండు మాటలు గూడ పట్టవు సామీ, బ్లాకు మింగేస్తాంది" అనేవాడు. వరుస నిండకపోతే మాటల మధ్య ఖాళీ సీసం ముక్కలు దోపేవాడు. అచ్చయ్యాక పేజీ పళ్లూడిన నోరులా ఉండేది. నువ్వు రెండంచులూ సమంగా రావాలని జస్టిఫై పెట్టావు కదా, అదే నోరు మళ్లీ చూశాను.

బొమ్మ కోసం మాటను నొక్కేవాళ్లంటే నాకు పడదు. ఒక వారపత్రిక ఎడిటర్ నా కథ చివరి పేరా కోసేసి, అక్కడ ఒక ఆడమనిషి బొమ్మ వేయించాడు. కథలో ఆడమనిషే లేదు. అడిగితే "జనం బొమ్మలే చూస్తారండీ" అన్నాడు. మనియార్డరు నాలుగు నెలలకు వచ్చింది. పేరా ఇంతవరకూ రాలేదు.

సరే, పని చెబుతాను. బొమ్మకు ఫ్లోట్ లెఫ్ట్ ఇస్తే అది ఎడమకు జరుగుతుంది, కోడ్‌లో దాని తర్వాత ఉన్న మాటలు పక్కన చేరతాయి. కాబట్టి బొమ్మను ఆ పేరాకు ముందే పెట్టు. ధాన్యాగారం పేరాకు ధాన్యాగారం బొమ్మే. పక్కన పన్నెండు పిక్సెళ్ల మార్జిన్ వదులు, లేకపోతే అక్షరం బొమ్మకు రాసుకుంటుంది. పేరా పొట్టిదైతే తర్వాతి బొమ్మ పైకి ఎగబాకి మెట్ల వరుస తయారవుతుంది, నీ మాధవరాయ గుడి దగ్గర జరిగిందదే. అక్కడ క్లియర్ ఇవ్వు, అప్పుడు కొత్త బొమ్మ పాత బొమ్మ కిందనుంచే మొదలవుతుంది. తెర 600 కంటే చిన్నదైతే ఫ్లోట్ తీసేసి బొమ్మను నిండు వెడల్పుగా పైన నిలబెట్టు, మాటలు కింద హాయిగా నడుస్తాయి. వరుసల మధ్య కూడా కొంచెం ఊపిరి వదులు, పై వత్తు కింది గుడిని తగలకుండా.

ఇంకోటి. కెమెరాలోంచి తీసిన ఐదు ఎంబీల ఫొటోనే వెడల్పు తగ్గించి పెట్టావు. కంటికి గోరంత, డేటాకు కొండంత. చిన్న కాపీ వేరేగా చేసి పేజీలో పెట్టు, దానికి లింకు పెద్ద ఫొటోది ఇవ్వు. తొమ్మిదీ అవసరమా అంటే నాకు నాలుగు చాలు. పెన్నా లోయ ఫొటో ఒకటి చూశాక అదే లోయ ఇంకో మూడు ఎందుకు?

నువ్వడిగిన కలం పేరు, పోటీలు, అవన్నీ తర్వాత చూద్దాం.

ముందు లింకులు సరిచేసి మళ్లీ పంపు. ధాన్యాగారం లోపలి గోడ మీద ఏదో నల్లటి మరక కనిపిస్తోంది, పొగ మసేమోనని పెద్దది చేద్దామని మూడుసార్లు వేలు పెట్టాను. మూడుసార్లూ మసీదే తెరుచుకుంది.